క్యాంపస్ వేధింపులు: ఫిర్యాదును ముందే ఆపేసే అపోహలు

"సాక్ష్యం లేకపోతే కేసు తిరిగి మన మెడకే చుట్టుకుంటుంది."

హాస్టల్ గదుల్లో ఇంత నష్టం చేసిన సలహా మరొకటి లేదు. లైంగిక వేధింపులపై యూజీసీ 2015లో చేసిన నిబంధనల ప్రకారం, ఆరోపణ నిరూపించలేకపోయినంత మాత్రాన, తగిన ఆధారం చూపలేనంత మాత్రాన ఫిర్యాదుదారుపై చర్య తీసుకోకూడదు. దురుద్దేశంతో అబద్ధం చెప్పారని విచారణలో తేలితేనే ఆ ప్రశ్న వస్తుంది. విచారణ జరపాల్సింది అంతర్గత ఫిర్యాదుల కమిటీ. అయినా వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే చెరిపేయకండి. అసహ్యం వేసి చాలామంది ముందు చేసే పని అదే.

"గైడ్ మీద నోరెత్తితే పీహెచ్‌డీ గల్లంతే."

ఈ భయం ఊరికే పుట్టలేదు. థీసిస్ మీద సంతకం, ఫెలోషిప్ కాగితాలు, వైవా అన్నీ ఒక్క మనిషి దయ మీద నడిచే వ్యవస్థ మనది. సరిగ్గా ఇందుకే, విచారణ ముగియకముందే ఫిర్యాదుదారు పనినీ పరీక్షలనూ ఆ వ్యక్తి దిద్దకుండా ఆపే వీలు నిబంధనల్లో పెట్టారు. ఆమెకు దూరంగా ఉండమని అతన్ని ఆదేశించవచ్చు. అవసరమైతే ఆమె హోదాకూ ప్రయోజనాలకూ భంగం లేకుండా మూడు నెలల వరకు సెలవు ఇవ్వవచ్చు. ఇవన్నీ ఎవరో తెచ్చి చేతిలో పెడతారని ఎదురుచూడకుండా, ఫిర్యాదులోనే రాసి అడగడం మేలు.

"కమిటీ అంటే వీసీ మనుషులేగా!"

వీసీ, రిజిస్ట్రార్, డీన్లు, డిపార్ట్‌మెంట్ హెడ్‌లు అసలు సభ్యులుగా ఉండకూడదు. అధ్యక్షురాలు సీనియర్ అధ్యాపకురాలై ఉండాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒకరు ఉండాలి. విద్యార్థులకు సంబంధించిన వ్యవహారమైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూడా కూర్చోవాలి. కాగితం మీద ఉన్నదంతా ప్రతి కాలేజీలో అమలవుతోందని నేను అనను. కమిటీలో ఎవరెవరున్నారో అడగడానికి మాత్రం మొహమాటపడకండి.

"టూర్‌లో జరిగినదానికి యూనివర్సిటీకేం సంబంధం?" ఉంది. ఫీల్డ్ ట్రిప్, ఇంటర్న్‌షిప్, క్రీడాపోటీ, కాలేజీ బస్సు అన్నీ క్యాంపస్ కిందికే వస్తాయి. "అబ్బాయిలకు ఇవి వర్తించవు" అనేదీ తప్పే. అబ్బాయిలూ ట్రాన్స్‌జెండర్ విద్యార్థులూ వేధింపులకు గురవుతారని నిబంధనలే గుర్తించాయి.

"పరీక్షలయ్యాక చూద్దాంలే" అనడం ప్రమాదం. ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. వేధింపులు పదేపదే జరిగితే చివరి ఘటన నుంచి లెక్క. తగిన కారణం ఉంటే మరో మూడు నెలల వరకు గడువు పొడిగించవచ్చు. రాయలేని స్థితిలో ఉంటే కమిటీ సభ్యులే రాయడానికి సాయపడాలి. విచారణ 90 రోజుల్లో పూర్తికావాలి.

"కమిటీకి వెళ్తే ఇక పోలీసుల దగ్గరికి వెళ్లకూడదు" అన్నదీ నిజం కాదు. రెండు దారులూ తెరిచే ఉంటాయి. విద్యార్థిని పోలీసు కేసు పెడతానంటే విద్యాసంస్థ సాయం చేయాలి. ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించవచ్చు. తెలంగాణలో షీ టీమ్స్ ఉన్నాయి. మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181.

ఇక పెద్దమనుషుల పంచాయితీ: "పిలిచి మందలిస్తాం, ఇక్కడితో వదిలేయమ్మా." రాజీ ప్రస్తావన ఫిర్యాదుదారు నోటి నుంచే రావాలి. ఆమె అడిగినా, డబ్బు ఆధారంగా ఆ రాజీ కుదర్చకూడదు.