నెట్ పోయినప్పుడు వచ్చిన ఐడియా

"హలో... వినబడతందా?"

ఆ రోజు వీడియో కాల్‌లో మా అమ్మ మాట్లాడింది ఈ ఒక్క ముక్కే. మాది అనంతగిరి. ఘాట్ రోడ్డు పక్కన ఊరు, సిగ్నల్ కావాలంటే ఇంటి వెనక గట్టెక్కాలి. అమ్మ ఫోన్ పట్టుకుని గట్టెక్కేసరికి స్క్రీన్ మీద బొమ్మ బిగుసుకుపోయింది. మళ్లీ కదిలేసరికి మేం నాలుగో ఐడియా దాటి ఐదోదాంట్లో ఉన్నాం.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వారంలో మూడు రోజులు విశాఖలో ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచే పని. మా అమ్మా, చుట్టుపక్కల మరో పదకొండు కుటుంబాలూ కలిసి తమ కాఫీని పొడి చేయించి, బొర్రా గుహలకీ కటికి జలపాతానికీ వచ్చేవాళ్లకి అమ్ముదామనుకున్నారు. పొడి బాగుంది. ప్యాకెట్ మీద ఏం రాయాలో ఎవరికీ తోచలేదు. "నువ్వు చదువుకున్నావు కదే, నువ్వే చూడు" అన్నారు.

చూడ్డానికేముంది, గ్రూప్ కట్టేశాను. యాడ్ ఏజెన్సీలో పనిచేసే ఫ్రెండ్ హైదరాబాద్‌లో, డిజైనర్ బెంగళూరులో, మార్కెటింగ్‌లో ఉన్న కాలేజీ సీనియర్ డల్లాస్‌లో, మా బావ విశాఖలో. మాకు రాత్రి ఎనిమిదిన్నర, డల్లాస్‌లో పొద్దున్న పది. అందరం గంటన్నర మాట్లాడాం. నిజం చెప్పాలంటే ఇద్దరు మాట్లాడారు, మిగతావాళ్లం తలూపాం. చివరికి గట్టిగా మాట్లాడినవాళ్ల ఐడియానే నిలబడింది. థింసా ఆడుతున్న అమ్మాయిలు, తలల్లో ఈకలు, కింద 'అడవి తల్లి రహస్యం' అని ఒక లైను. వెయ్యి స్టిక్కర్లు కొట్టించేశాం.

స్టిక్కర్ చూసి అమ్మ ఒక్క మాటే అడిగింది. "తల్లో ఈకలు ఎవరెట్టుకున్నారే మనలో?"

నా దగ్గర జవాబు లేదు. తొంభై నిమిషాల కాల్‌లో ఆ ప్రశ్న అడగగలిగిన ఒకే ఒక్క మనిషి గట్టు మీద సిగ్నల్ వెతుక్కుంటోంది మరి!

లోపం మనుషుల్లో కాదు, కాల్‌లో

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. బగ్ దొరక్కపోతే నిద్రపట్టని వృత్తి కదా మాది.

'అందరం కూర్చుని బ్రెయిన్‌స్టార్మింగ్ చేద్దాం' అనే మాటకి ప్రచారం తెచ్చింది ఒక యాడ్ ఏజెన్సీ మనిషే. పేరు అలెక్స్ ఆస్బోర్న్. అమెరికాలోని బీబీడీవో ఏజెన్సీ వ్యవస్థాపకుల్లో ఒకరు. ఆ పేరులో చివరి 'ఓ' అక్షరం ఆయనదే. 1953లో వచ్చిన 'అప్లైడ్ ఇమాజినేషన్' పుస్తకంలో ఆయన చెప్పిన సూత్రాలు ఇప్పటికీ ప్రతి ఆఫీసులో వినిపిస్తాయి: ఎన్ని ఐడియాలొస్తే అంత మంచిది, ఎవర్నీ విమర్శించకండి, పిచ్చి ఐడియా అయినా చెప్పండి, ఒకరిదానికి ఇంకొకరు కలపండి.

వినడానికి బాగుంది. కానీ 1958లో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. నలుగురిని ఒకచోట కూర్చోబెట్టి ఆలోచించమన్నారు. ఇంకో నలుగురిని విడివిడిగా ఆలోచించమని, వాళ్లు రాసినవన్నీ తర్వాత కలిపారు. విడివిడిగా ఆలోచించినవాళ్ల దగ్గరే దాదాపు రెట్టింపు ఐడియాలు తేలాయి! కారణమేంటో 1987లో డీల్, స్ట్రోబ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు తేల్చారు. గుంపులో ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు. మిగతావాళ్లు తమ వంతు కోసం చూస్తూ, చెప్పాలనుకున్నది మర్చిపోతారు, లేదా 'ఇదేం చెబుతాంలే' అని మానేస్తారు.

ఇక వీడియో కాల్ సంగతి. 2022లో 'నేచర్' పత్రికలో మెలనీ బ్రక్స్, జొనాథన్ లెవావ్ ఒక పరిశోధన ప్రచురించారు. ల్యాబ్‌లో 602 మందిని జంటలుగా చేసి, కొందర్ని ఎదురెదురుగా, కొందర్ని వీడియోలో ఆలోచించమన్నారు. తర్వాత ఐదు దేశాల్లో ఒక టెలికాం కంపెనీకి చెందిన దాదాపు 1,500 మంది ఇంజినీర్లతోనూ ఇలాగే చేసి చూశారు. రెండుచోట్లా వీడియో జంటలకే తక్కువ ఐడియాలొచ్చాయి. ఎదురుగా కూర్చున్నప్పుడు చూపు గదంతా తిరుగుతుంది, వీడియోలో స్క్రీన్‌కే అతుక్కుపోతుంది. చూపు ఇరుకైతే ఆలోచనా ఇరుకవుతుందన్నది వాళ్ల వివరణ. ఇందులో నాకు అసలు పనికొచ్చింది ఇంకో ముక్క. వచ్చిన ఐడియాల్లోంచి మంచిదాన్ని ఎంచుకోవడంలో మాత్రం వీడియో జంటలు ఏమాత్రం వెనకబడలేదు.

అంటే మేం చేసింది సరిగ్గా తిరగేసిన పని. ఆలోచించడానికి కాల్ పెట్టుకున్నాం, ఎంచుకోవడం మాత్రం గట్టి గొంతుకి వదిలేశాం.

మా లోయ ముందే చేసి చూపించింది

దూరదూరాల్లో ఉన్నవాళ్లు కలిసి పనిచేయడం మా కొండలకి కొత్తేం కాదు. హైదరాబాద్‌కి చెందిన నాంది ఫౌండేషన్ ఇక్కడి గిరిజన రైతులతో పనిచేసి, 2017లో 'అరకు' పేరుతో పారిస్‌లో కాఫీ దుకాణం తెరిచింది. పండించేది ఇక్కడ, అమ్మేది ఏకంగా పారిస్‌లో! 'జెమ్స్ ఆఫ్ అరకు' పేరుతో పెట్టే పోటీలో వేర్వేరు దేశాల టేస్టర్లు వచ్చి రైతుల కాఫీని రుచి చూసి మార్కులేస్తారు. 2019లో మన 'అరకు వ్యాలీ అరబికా'కి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇక విశాఖ కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కూడా 'అరకు వ్యాలీ' పేరుతోనే కాఫీ అమ్ముతోంది.

ఆ పెద్ద బ్రాండ్లతో మా పన్నెండు కుటుంబాలకి పోలికేంటి అనకండి. నేను గమనించింది ఒక్కటే. వాళ్లు మా లోయకి కొత్త పేరు పెట్టలేదు. ఉన్న పేరునే ప్యాకెట్ మీద వేశారు. మేం మాత్రం మా ఇంట్లో లేని ఈకలు తెచ్చి అంటించాం.

రెండోసారి ఇలా చేశాం

డిసెంబర్‌లో మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి కాల్ లేదు. పొద్దున్నే అందరికీ ఒక్క ప్రశ్న పంపాను: "ఈ కాఫీ గురించి కొనేవాళ్లకి తెలియనిది ఏంటి?" రాత్రిలోగా ఎవరికి వాళ్లు ఐదు జవాబులు నాకొక్కదానికే పంపాలి. గ్రూప్‌లో పెట్టకూడదు. ఒకరిది చూస్తే ఇంకొకరు అదే దారిలో పడిపోతారు కదా. రాయడం ఇబ్బందైతే వాయిస్ మెసేజ్ చాలు. అమ్మకీ, మిగతా పదకొండు ఇళ్లకీ ఇదే చెప్పాను. వాయిస్ మెసేజ్‌కి ఉన్న సుఖం ఏంటంటే, సిగ్నల్ లేనప్పుడు మాట్లాడినా ఫోన్‌లోనే ఉండి, గట్టు దగ్గరికొచ్చాక దానంతటదే వెళ్లిపోతుంది.

సరదాకి ఒక ఏఐ చాట్‌బాట్‌నీ అడిగాను. 'అరకు అందాల నుంచి మీ కప్పులోకి' అంది. ఇలాంటి లైను మీరూ ఏదో ఒక ప్యాకెట్ మీద చదివే ఉంటారు.

సాయంత్రం ఆరింటికి అమ్మ వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక మేకల అరుపులు, మధ్యలో ఆయాసం.

"నాకేటి తెలుసే మీ అడ్వటైజింగులు. పొద్దున్నుంచి పళ్లు కోసి ఇప్పుడే దిగుతున్నాం. ఇయాల కోసిన మొక్క కాడికే మళ్లీ ఎల్లాల. ఎర్రగా పండిందే కొయ్యాల, పచ్చిది ముట్టుకోకూడదు. ఒక్క మొక్క కాడికే నాలుగుసార్లు ఎక్కాల. కాళ్లు నొప్పులే నొప్పులు. సరే, ఉంటాను, అన్నం వండాల."

ఆ మెసేజ్‌లో ఐడియా ఉందని అమ్మకి తెలీదు. తను కాళ్లనొప్పుల గురించి చెప్పిందంతే.

అన్ని జవాబుల్నీ పేర్లు తీసేసి ఒక షీట్‌లో పెట్టాను. ఒక రోజంతా ఎవరికి నచ్చినదాని పక్కన వాళ్లు ఇంకో మాట కలుపుతూ పోయారు. అప్పుడు పెట్టాం కాల్, ఇరవై నిమిషాలే, ఎంచుకోవడానికి మాత్రమే. డల్లాస్ సీనియర్ మొదటి నిమిషంలోనే అడిగారు, "ఆ నాలుగుసార్లు అన్నది ఎవరు?" మొన్నటి ఈకల ఐడియా ఇచ్చిన ఫ్రెండే, "దీని ముందు నావన్నీ తీసేయండి" అన్నాడు. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. ప్యాకెట్ మీద ఎవరి కథ ఉంటుందో, 'వద్దు' అనే హక్కు వాళ్లదే. పన్నెండు ఇళ్లలో ఎవరూ వద్దనలేదు.

ఇప్పుడు మా ప్యాకెట్ మీద ఒక కొమ్మ. దానికి ఒక పచ్చి కాయ, ఒక పసుపు, ఒక ఎర్ర పండు. కింద ఒకటే లైను: 'ఒక్క మొక్క దగ్గరికి నాలుగుసార్లు.'

దీంతో కోట్లు వచ్చిపడ్డాయని చెప్పను. కానీ సంక్రాంతి సెలవుల్లో బండి దగ్గర నేనే నిలబడి చూశాను. ప్యాకెట్ తిప్పి చూసినవాళ్లు "నాలుగుసార్లు ఏంటండీ?" అని అడుగుతున్నారు. కాల్‌లో ఒక్క ముక్క దాటని మా అమ్మ, వాళ్లకి పావుగంట చెబుతోంది. మధ్యలో ఎవరూ అడ్డం రావట్లేదు.

మిగిలిపోయిన ఈకల స్టిక్కర్లు ఊరికే పోలేదు. అమ్మ వాటిని తిరగేసి, వెనకవైపు తెల్ల కాగితం మీద రాగులు, వలిసెలు, రాజ్మా అని నాతో రాయించి, విత్తనాల డబ్బాలకి దారంతో కడుతోంది.