గోధుమ గింజలో సత్తువ ఎప్పుడు చేరును?

గడచిన పంటకాలమున మన సంఘమునకు గోధుమలు తెచ్చిన సభ్యుడొకాయన మా కాటాను శంకించెను. కళ్లమునొద్ద తాను తూచుకొనిన బరువునకును, గిడ్డంగిలో ఆరబోసిన పిదప మేము తూచిన బరువునకును చాల భేదము కనబడెను. రాళ్లు మార్చి మరల తూచి చూపితిమి. ఐనను ఆయన మనస్సు కుదుటపడలేదు. గింజ చేనిలో ఏవిధముగ ఎదుగునో తెలియనంతవరకు ఇట్టి తగవులు తీరవు గనుక ఆ సంగతి ఇచట వ్రాయుచున్నాము. పూర్వపు ఆదిలాబాదు, మెదకు జిల్లాల నల్లరేగడులలో గోధుమ వేయు రైతులకు ఇది నేరుగ పనికివచ్చును.

పూత పూసిన మొదటి రెండు వారములలో గింజకు ఆకారము వచ్చునే గాని బరువు రాదు. నొక్కినచో మొదట నీరు, పిమ్మట పాలు వచ్చును. అప్పటి గింజలో నూటికి సుమారు 70 పాళ్లు నీరే. ఆ దశలోని మాంసకృత్తులు హెచ్చుగా నీటిలోను, ఉప్పునీటిలోను కరగునవి. గింజ తన ఎదుగుదల పనులకై వానిని చేసికొనును. పిమ్మట పిండిపదార్థమును, దానితోపాటు జిగురు మాంసకృత్తులును నిండ నారంభించును. రొట్టెపిండి సాగుటకు కారణము ఈ జిగురే. పిండిని నీటిలో పిసికి కడిగినచో తెల్లని పిండినీరు పోయి జిగురు చేత నిలుచునని బొలోన్యా నగరపు బెక్కారి 1745లో ప్రకటించెను. ఈ పరీక్షను మన ఇంటి ఆడవారు ఏ పూటనైనను చేసి చూడవచ్చును. పాలగింజను నూరి కడిగిన జిగురు దాదాపు చిక్కదు.

ఇక్కడ రైతు మోసపోవు చోటొకటి కలదు. పచ్చిగింజను ఎండబెట్టి పరీక్షించినచో, మాంసకృత్తుల పాలు పండిన గింజలోకన్న హెచ్చుగనే కనబడవచ్చును. అందువలన పచ్చిగింజయే బలమైనదనుకొనరాదు. నీరు తీసివేసిన పచ్చిగింజ 15 మిల్లీగ్రాములు తూగి, అందు నూటికి 15 పాళ్లు మాంసకృత్తులున్నవనుకొందము: మొత్తము రెండుంబావు మిల్లీగ్రాములు. అదే గింజ పండి 40 మిల్లీగ్రాములై, నూటికి 12 పాళ్లే యున్నను, మొత్తము దాదాపు ఐదు మిల్లీగ్రాములగును. పిండి వేగముగ నిండుటచే పాలు తగ్గినట్లు కనబడును గాని సరకు తగ్గలేదు. వడగాలికి నొక్కులు పడిన గింజయందును ఇదే చిత్రము: వేడి మాంసకృత్తులకన్న పిండినే హెచ్చుగా అడ్డగించును గనుక, పాలు హెచ్చి పంట తగ్గును.

పచ్చిగింజకు ఒక సుగుణము మాత్రము లేకపోలేదు. లైసీను అను ద్రవ్యమును మన శరీరము తనంతట చేసికొనలేదు, ఆహారమునుండియే రావలెను. లేతగింజ మాంసకృత్తులలో దాని పాలు హెచ్చు. జిగురు నిండిన కొలది తగ్గిపోవును. ఆ కొరతను కంది, శనగ పప్పులు తీర్చును గనుక రొట్టెతో పప్పు తినువారికి చింత లేదు. సిరియా, పాలస్తీనా దేశములలో పచ్చి వెన్నులను మంటపై కాల్చి, నలిపి, ఫ్రీకే యను పేర వండుకొందురు. మన జొన్న ఊచబియ్యము వంటిదే. రుచికి అది మంచిదే, గాదె నింపుటకు గాదు.

గింజలోని నత్రజనిలో అధికభాగము పూతకు ముందే ఆకులు, కాడలు కూడబెట్టుకొనినది. అవి పసుపెక్కుచు తమ నిలువను గింజకు దింపును. కావున పశువుల మేతకని పచ్చని ఆకు కోసినవారు తమ గింజ సత్తువనే కోసినవారగుదురు. ఈ పని మన యూళ్లలో చేయుచున్నవారిని మేమెరుగుదుము.

వెన్ను క్రింది మెడ పచ్చదనము వీడి, గింజపై గోరు నొక్కినచో పాలు రాక గాటు మాత్రము పడిన దినమున నింపుట ముగిసినదని యెరుగవలెను. అప్పటికి తేమ నూటికి 35 మొదలు 40 పాళ్లు. ఆపైన జరుగునది ఆరుటయే. 40 పాళ్ల తేమగల 100 కిలోలు, 12 పాళ్లకు ఆరినచో 68 కిలోలగును. ఇది నీటి నష్టము. ఇందు రైతు పోగొట్టుకొనునది లేదు. పాలదశలో కోసినచో పోవునది వేరు: రావలసిన పిండి, జిగురు రాకయే పోవును, ఎంత ఎండబెట్టినను తిరిగి రావు. పండినదానిని చేనిలోనే మరచుటయు మంచిది కాదు. వాన తగిలినచో గింజ మొలకెత్తజూచి తన పిండిని తానే కరగించుకొనును, ఆ పిండితో చేసిన ముద్ద చేతికంటును.

మా సభ్యుని గోనెలు విప్పి చూచితిమి. ఇంచుమించు సగము గింజలు ముడుతలు పడియున్నవి. మబ్బులు చూచి జడిసి, పాలు గట్టిపడకమునుపే కోయించెనట. కాటాలో పోయినది కొంత నీరు, చేనిలో పోయినది మిగిలినది అని విప్పి చెప్పితిమి.

ఈ యేడు ఆయన తన చేని నాలుగు మూలలనుండి వెన్నులు త్రెంచి మాయొద్దకు తెచ్చెను. మా యెదుటనే గోటితో నొక్కిచూచెను. రెండు మూలలవి గట్టిపడినవి; పల్లపువైపు రెండింట ఇంకను పాలున్నవి. మెరకను ముందు కోసి, పల్లమును వారము దినములు ఆపవలసినదని చెప్పితిమి. ఆయన కూలీలకు ఆ మాటయే చెప్పి పంపెను.