విషం లేని బియ్యం సరే, విషం లేని గల్లీ సంగతేంటి?

ఈసారి వీడియోలో పొలం లేదు, జీవామృతం డ్రమ్ము లేదు. చార్మినార్‌కి దగ్గర్లో ఉన్న మొఘల్‌పురాలో ఒక గల్లీ, అందులో పిల్లులు, అంతే. ప్రకృతి వ్యవసాయానికి పిల్లులకు ఏం సంబంధం అని కొందరు అడుగుతారు. ఉంది, చెప్తాను.

మేము పండించిన నవారా, కుజిపటాలియా బియ్యం పాతబస్తీలో కొన్ని ఇళ్లకు నేరుగా ఇస్తున్నాం. బస్తాలు దించుకోవడానికి మొఘల్‌పురాలో ఒక పాత ఇంటి ముందుగది అద్దెకు తీసుకున్నాం. బియ్యం ఉన్నచోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్నచోటికి పిల్లి వస్తుంది. ఒక బూడిదరంగు పిల్లి మా బస్తాల వెనకాలే ఈని నాలుగు కూనల్ని పెట్టింది. గొడవ అక్కడ మొదలైంది.

పక్కింటాయన మగ్గం పని చేస్తాడు. ఎలుకలు ఆయన బట్టల మూటలు కొరికేస్తున్నాయి. పెళ్లి బట్ట ఒక్కటి పోయినా ఆయన నెల సంపాదన పోయినట్టే, కాబట్టి ఆయన బాధ తీసిపారేసేది కాదు. గల్లీ అంతా ఎలుకల మందు పెడదామన్నాడు. ఇంకొకాయన పిల్లుల్ని కూడా గోనెసంచిలో పట్టి శంషాబాద్ దాటించి వదిలేద్దామన్నాడు. ఆ ఇంటి పెద్దావిడ, అందరూ ఖాలా అంటారు, తలుపు దగ్గర నిలబడి "మందు పెడితే ముందు నా ఇంటి ముందు పెట్టు బేటా" అన్నది. ఇక ఎవరూ మాట్లాడలేదు.

ఎలుకల మందు ఎలా పనిచేస్తుందో రైతులకు తెలుసు. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోకి వెళ్లి ఫాస్ఫీన్ వాయువు అవుతుంది, ఎలుక గంటల్లో చస్తుంది. బ్రోమాడియోలోన్ కేకు అలా కాదు. అది రక్తం గడ్డకట్టనివ్వదు. ఎలుకకు లోపల రక్తం కారుతూ నాలుగైదు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో అది మత్తుగా, నెమ్మదిగా తిరుగుతుంది, పిల్లికి సులువుగా దొరుకుతుంది. తిన్న పిల్లి కూడా అదే చావు చస్తుంది. పొలంలో గుడ్లగూబకు జరిగేదీ ఇదే. మన బియ్యంలో విషం లేదని చెప్పి అమ్ముతూ, ఆ బియ్యం పక్కనే ఈ కేకు పెట్టడం నాకు మింగుడుపడలేదు.

దూరంగా వదిలేస్తే? తెలియని చోట తిండి దొరక్క, అక్కడి పిల్లులతో కొట్లాడి చాలావరకు చస్తాయి. ఇక్కడ ఖాళీ అయిన జాగాలోకి కొత్త పిల్లులు వస్తాయి. తిండి ఉన్నంతకాలం అంతే.

అందుకే ముందు కన్నాలు పూడ్చాం. రూపాయి బిళ్లంత సందు ఉంటే చాలు, ఎలుక దూరుతుంది. సిమెంటులో గాజుపెంకులు కలిపి గోడ మూలలు మూసి, మోరీ గొట్టానికి ఇనుప జాలీ కట్టాం. బస్తాలు చెక్కబల్లల మీదకి, గోడకి అడుగు దూరంగా జరిపాం. మగ్గం ఆయన గదిలో రెండు బోనులు పెట్టాం. జిగురు అట్టలు మాత్రం వద్దన్నాను, వాటికి పిల్లికూనలు అంటుకుంటాయి.

ఖాలా దగ్గర నేను నేర్చుకున్నది వేరే. మన తెలుగిళ్లలో పిల్లి ఎదురొస్తే అపశకునం అని వెనక్కి తిరుగుతాం. వాళ్లింట్లో పిల్లి మూతి పెట్టిన నీళ్లు అశుద్ధం కావు. ప్రవక్త సహచరుడు అబూ హురైరా పేరుకే పిల్లికూన తండ్రి అని అర్థం. ఆమె రోజూ ఒకే వేళకు ఉప్పు మసాలా లేని కోడి ముక్కలు, మట్టిమూకుడులో నీళ్లు పెడుతుంది. అరగంట తర్వాత ఆ జాగా కడిగేస్తుంది. మిగిలింది వదిలేస్తే మళ్లీ ఎలుకలే కదా. పాలు పెట్టదు. పెద్ద పిల్లులకు ఆవుపాలు అరగవు, విరేచనాలు అవుతాయి.

తిండి పెట్టి ఊరుకుంటే మాత్రం అది సగం దయే అని నా అభిప్రాయం. పిల్లి చూలు తొమ్మిది వారాలే, ఈతకు 3 నుంచి 5 కూనలు, ఏడాదికి 2, 3 ఈతలు. వాటిలో ఎక్కువ బండ్ల కింద, జబ్బులతో పోతాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడమే మార్గం, 5, 6 నెలల వయసు నుంచి చేయొచ్చు. గల్లీలో చందా వేసుకున్నాం. మగ్గం ఆయన కూడా ఇచ్చాడు. బూడిదరంగు పిల్లికి కూనలు పాలు మరిచాక చేయించాం. ఆపరేషన్ అయినవాటికి గుర్తుగా చెవి కొన కొద్దిగా కత్తిరిస్తారు, వీడియోలో దగ్గరగా చూపించాను.

ఒక మాట, సహజమైనదంతా పిల్లికి మంచిది కాదు. పిడుదులకని కర్పూరం, నీలగిరి తైలం రాయొద్దు, నాకితే విషం. ఫినాయిల్ కడిగిన తడినేల కూడా అంతే. పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు చంపడానికి.

మీ పొలాలకు పిల్లుల్ని తెచ్చుకోమని నేను చెప్పట్లేదు. పక్షి స్థావరాలు పెట్టిన చోట పిల్లి పురుగులు తినే పక్షుల్ని పడుతుంది. కూరగాయ మడిలో పిల్లి మలం ఉంటే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి రావచ్చు, గర్భిణులు తొడుగులు లేకుండా ఆ మట్టి పట్టొద్దు, ఆకుకూరలు బాగా కడగాలి. పిల్లి కరిచినా గీరినా కుక్క కరిచినట్టే చూడండి, సబ్బుతో పావుగంట కడిగి టీకాకు వెళ్లండి. కొట్టడం, విషం పెట్టడం మాత్రం 1960 జంతు హింస నిరోధక చట్టం కింద నేరం.

గల్లీలో ఇంకా రెండు ఆడపిల్లులు మిగిలాయి. ఒకటి నల్లది, బోనులో ఎండుచేప పెట్టినా వాసన చూసి వెళ్లిపోతోంది. ఖాలా నాలుగు రోజులుగా బోను తలుపు తెరిచే ఉంచి లోపలే తిండి పెడుతోంది, అలవాటు పడనీ అని. నిన్న ముందుకాళ్లు రెండూ లోపల పెట్టిందట.