భయం లేని దవాఖాన ఎలా ఉండాలి?



ఆసుపత్రి కట్టాలంటే ముందుగా ఎవరిని అడగాలి? ఇంజనీరునా, డాక్టరునా, డబ్బు ఇచ్చే దాతనా? ముగ్గురూ కావలసినవారే. కాని రేపు ఆ మంచం మీద పడుకోబోయే మనిషిని అడిగి కట్టిన ఆసుపత్రులు చాలా తక్కువ. అలా అడిగి కట్టినచోట ఏం జరిగింది? జన్వాడ, శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతం వాళ్లం దాని నుండి ఏం నేర్చుకోవచ్చు? ఈ వ్యాసంలో చూద్దాం.

గోండులు చెప్పిన మాట

కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. సరిహద్దున ఉన్న సిరోంచలో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. జిల్లాలో అడవి ఎక్కువ, గోండు గూడేలూ ఎక్కువే. అమెరికాలో ప్రజారోగ్యం చదివి వచ్చిన డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు 1986లో అక్కడ పని మొదలుపెట్టారు. వారి సంస్థ పేరు 'సెర్చ్'.

జబ్బు చేసినా మీరు ఆసుపత్రికి ఎందుకు రారని వారు ఆదివాసులనే అడిగారు. జవాబుల్లో మందుల సంగతి కన్నా భయం సంగతి ఎక్కువగా ఉంది. అంత పెద్ద భవనంలో దారి తెలియదు. మా భాష ఎవరికీ రాదు. మా వాళ్లను రాత్రి మా దగ్గర ఉండనివ్వరు. డాక్టర్లూ నర్సులూ తెల్లబట్టల్లో ఉంటారు. మేం శవానికి కప్పేది తెల్లగుడ్డే కదా!

నర్సులమైన మాకు తెలుపు అంటే శుభ్రతకు గుర్తు. అదే తెలుపు ఎదుటి మనిషికి చావును గుర్తు చేయవచ్చని ఏ నర్సింగ్ పాఠంలోనూ చెప్పలేదు. అడిగితేనే తెలిసింది.

ఆ తరువాత కట్టిన ఆసుపత్రి పెద్ద మేడ కాదు. చెట్ల మధ్య గుడిసెల వంటి చిన్న చిన్న ఇళ్లు. రోగితో పాటు ఇంటివాళ్లు కూడా ఉండవచ్చు. పేరు ఏం పెట్టాలని అడిగితే ఆదివాసులు తమ దేవత పేరు చెప్పారు. అందుకే అది 'మా దంతేశ్వరి దవాఖాన' అయింది. పేరు వాళ్లది కావడంతో దవాఖాన కూడా వాళ్లదే అయింది. లోపల జరిగే వైద్యం మాత్రం నేటి వైద్యమే. మారింది గడప ఒక్కటే. ఆ గడప దాటలేకనే ప్రాణాలు పోతున్నప్పుడు అది చిన్న మార్పు కాదు.

కొండ మీద గర్భిణికి కింద ఒక ఇల్లు

మన తెలుగునాట కూడా ఇటువంటి ప్రయత్నం జరిగింది. పార్వతీపురం ఐటీడీఏ పరిధిలోని సాలూరులో 2018లో కొండ గ్రామాల గర్భిణుల కోసం వసతి గృహం ప్రారంభించారు. రోడ్డు లేని ఊళ్లలో నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి మోసుకువస్తే దారిలోనే ఆలస్యమైపోతుంది. అందుకని నెలలు నిండకముందే కిందికి వచ్చి, భోజనం, వైద్య పరీక్షలు అందుకుంటూ ఉండి, సమయానికి ఆసుపత్రికి వెళ్లే ఏర్పాటు అది.

దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో కూడా కొండజాతి స్త్రీల కోసం ఇటువంటి ఇళ్లు ఉన్నాయి. అక్కడి స్త్రీలు తమ ఆచారం ప్రకారం కూర్చుని కాన్పు కావాలని, పక్కన తమవాళ్లు ఉండాలని కోరేవారు. 2005లో ఆ దేశ ఆరోగ్య శాఖ దానికి ఒప్పుకుని నియమాలు రూపొందించింది. మన దేశంలో 2017లో వచ్చిన 'లక్ష్య' కార్యక్రమం కూడా కాన్పు గదిలో తల్లికి తోడుగా ఒకరు ఉండాలంటుంది. తెలంగాణలో నర్సులకు ప్రత్యేక మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది కూడా 2017లోనే.

గాలి, వెలుతురు, చెట్టు

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం పేరు మీలో చాలామంది వినే ఉంటారు. అనేక మిషన్లు కలిసి అక్కడ క్షయ శానిటోరియం ఏర్పాటు చేశాయి. అది 1915లో ప్రారంభమైంది. డెన్మార్క్ నుండి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపించారు. క్షయకు మందు లేని రోజులవి. పొడి వాతావరణం, మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారం ఇవే అప్పటి చికిత్స. ఈనాడు క్షయకు మంచి మందులున్నాయి, వాటిని పూర్తి కాలం వాడితీరాలి. అలాగని గాలి విలువ తగ్గలేదు. కిటికీలు, వరండాల ద్వారా వచ్చే సహజమైన గాలితో అంటువ్యాధులను ఎలా అదుపు చేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా ఆ పాఠాన్ని మనందరికీ మళ్లీ నేర్పింది.

చెట్టు సంగతి కూడా వినండి. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు పోల్చి 1984లో ఫలితాలు ప్రచురించాడు. వారిలో 23 మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, 23 మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు చూసినవారు సగటున 7.96 రోజులకు ఇంటికి వెళ్లారు. గోడ చూసినవారికి 8.70 రోజులు పట్టింది. చెట్లు చూసినవారికి బలమైన నొప్పి మందులు కూడా తక్కువే అవసరమయ్యాయి. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద ఒక్కసారైనా ఆగినవారికి ఈ మాట వింతగా ఉండదు.

మన నీళ్లు, మన బాధ్యత

మనం ఉన్నది గండిపేట చెరువుకు నీళ్లు చేరే నేల. 1908 మూసీ వరదల తరువాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ నిర్మించారు. వాటి రక్షణ కోసమే 1996లో జీవో 111 వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. జీవో ఉన్నా లేకపోయినా వాన నీరు పల్లానికే పోతుంది. ఆసుపత్రి మురుగు శుద్ధి కాకుండా కాలువలో కలిస్తే మనం ఒక చేత్తో మందు ఇచ్చి మరో చేత్తో జబ్బు ఇచ్చినట్టే.

వార్డుల్లో పసుపు, ఎరుపు, నీలం డబ్బాలు, సూదులకు తెల్ల డబ్బా మీరు చూసే ఉంటారు. 2016 నాటి జీవ వ్యర్థాల నియమాల ప్రకారం ఏ చెత్త అందులోనే పడాలి. దయచేసి అరటి తొక్కలు, భోజనం పొట్లాలు వాటిలో వేయకండి. వాన నీటిని భూమిలోకి ఇంకించే గుంత, శుద్ధి చేసిన నీటితో పెంచే చెట్లు, బాలింతల స్నానానికి ఎండతో కాగే నీళ్లు, ఇవన్నీ కొత్త భవనం నక్షాలో మొదటి రోజే ఉండాలి. తరువాత చేర్చుదామంటే ఖర్చు పెరుగుతుంది, పని కూడా జరగదు.

గౌరవానికీ హద్దు ఉంది

మన చుట్టూ లంబాడీ తండాలున్నాయి, దూరం నుండి పనికి వచ్చిన కుటుంబాలున్నాయి. వారి భాషలో నాలుగు మాటలు పలికే నర్సు ఒకరుంటే సగం భయం పోతుంది. తల్లిగారింటి నుండి వచ్చిన అమ్మకు కూర్చోవడానికి చోటు, వండి తెచ్చిన జొన్న రొట్టె వేడి చేసుకోవడానికి పొయ్యి, ఆడవాళ్లకు చాటున్న స్నానాల గది ఉండాలి. ఇవి సౌకర్యాలు మాత్రమే కావు. ఇవి లేకనే ఎందరో సగం చికిత్సలో ఇంటికి పోతారు.

అయితే గౌరవించడమంటే అన్నిటికీ సరే అనడం కాదు. పుట్టిన బిడ్డకు తేనె, చక్కెర నీళ్లు వద్దు. మొదటి గంటలోనే తల్లి ముర్రుపాలు పట్టాలి. బొడ్డు మీద బూడిద, పసుపు, నూనె ఏదీ రాయవద్దు. పుట్టగానే స్నానం చేయించకుండా ఒక రోజు ఆగాలి. ఆపరేషన్ గదిలోకి, ఐసీయూలోకి బంధువులు గుంపుగా రావడానికి వీలులేదు. ఈ 'కాదు' అనే మాటను కసురుకుని చెబితే రోగి మళ్లీ రాడు. కూర్చోబెట్టి కారణం చెబితే ఇంటికి పోయి పదిమందికి చెబుతాడు.

మీరే చెప్పండి

భవనం ఒకసారి లేచాక యాభై ఏళ్లు నిలుస్తుంది. తప్పుగా పెట్టిన గోడను ఏ నర్సు చిరునవ్వూ పక్కకు జరపలేదు. అందుకే కొత్త ప్రసూతి వార్డు మాట వచ్చిన ఈ సమయంలో మిమ్మల్ని మూడు ప్రశ్నలు అడుగుతున్నాం.

1. మా ఆసుపత్రిలో అడుగుపెట్టినప్పుడు మీకు మొదట భయం కలిగించినది ఏమిటి?
2. రాత్రిపూట మీ రోగి దగ్గర ఉన్నప్పుడు మీకు లేనిదేమిటి?
3. మీ ఇంట్లో గాని, తండాలో గాని ఆసుపత్రికి రానంటున్నవారు ఎవరైనా ఉన్నారా? ఎందుకు రానంటున్నారు?

చదువు రానివారు వార్డు సిస్టరుకు నోటితో చెప్పినా చాలు, ఆమె రాసుకుంటుంది. రాయగలవారు పేరు లేకుండానైనా కాగితం మీద రాసి ఓ.పి. కౌంటరు దగ్గర ఇవ్వవచ్చు. ముఖ్యంగా మూడవ ప్రశ్నకు జవాబు తప్పక తెచ్చివ్వండి. ఇప్పటికే వస్తున్నవారి మాట మాకు రోజూ వినబడుతుంది. రానివారి మాట మీరు తెస్తేనే మాకు చేరుతుంది.

నర్సింగ్ సూపరింటెండెంట్