బాస్కెట్‌బాల్ వీడియో ఆటలలో కెమెరా కోణం

బాస్కెట్‌బాల్ వీడియో ఆటలలో కోర్టును ఏ దిక్కు నుండి, ఎంత ఎత్తు నుండి తెరపై చూపాలో నిర్ణయించే అమరికను '''కెమెరా కోణం''' అంటారు. ఆడే వ్యక్తికి ఏది స్పష్టంగా కనబడుతుంది, ఏది మరుగున పడుతుంది అన్నది దీనిపైనే ఆధారపడి ఉంటుంది.

== ప్రక్క కోణం ==
ఇది టెలివిజన్ ప్రసారాన్ని పోలి ఉంటుంది. 1978లో అటారీ 2600 కొరకు వచ్చిన ''బాస్కెట్‌బాల్'', 1993 నాటి ''ఎన్‌బీఏ జామ్'' ఆటలలో ఈ కోణమే ఉన్నది. ఎన్‌బీఏ కోర్టు పొడవు 94 అడుగులు, వెడల్పు 50 అడుగులు. ప్రక్క నుండి చూసినపుడు పొడవు స్పష్టంగా తెలుస్తుంది కనుక దూరపు పాస్‌లు, వేగవంతమైన ఎదురుదాడులు సులభమవుతాయి. కాని వెడల్పు కుదించుకుపోయి ఆటగాళ్ళు ఒకరి వెనుక ఒకరు మరుగవుతారు.

== వెనుక కోణం ==
ఇందులో కెమెరా దాడిచేసే జట్టు వెనుక నుండి ఎదుటి బుట్ట వైపు చూస్తుంది. ''ఎన్‌బీఏ 2కె'' ఆటల శ్రేణిలోని "2కె" కోణం ఈ కోవకు చెందినదే. రక్షకుల నడుమ ఖాళీలు చక్కగా కనబడతాయి. అయితే కెమెరాకు వెనుకనున్న సహచరులు తెరపై కనబడరు.

== ఎంపిక ==
ప్రక్క కోణంలో బుట్ట వైపు వెళ్ళాలంటే మీటను కుడికో ఎడమకో త్రిప్పాలి. అర్ధ విరామం తరువాత జట్లు బుట్టలు మార్చుకోగా ఆ దిశ తారుమారవుతుంది. వెనుక కోణంలో ముందుకు నెట్టడమే ఎల్లప్పుడూ దాడి దిశ. కాబట్టి కోణం మార్చిన వెంటనే తడబాటు సహజం. దానిని నైపుణ్యలోపంగా భావించరాదు. క్రొత్త కోణాన్ని మొదట సాధన ఆటలలో అలవరచుకొని, పిమ్మట పోటీలలో వాడటం మేలు.