కొత్త ఆటలు కల్పించే పిల్లలు

కొందరు పిల్లలకు వున్న ఆటలు చాలవు. నాలుగు గవ్వలూ, గుప్పెడు చింతగింజలూ, ఒక సుద్దముక్కా చేతికి చిక్కితే చాలు, కొత్త ఆట పుట్టిస్తారు. అందులో కోటలు, బందిఖానాలు, దొంగదారులు. వాటికి ఇరవై ముప్పై షరతులు. వినేసరికి తల్లికి తల తిరుగుతుంది. తోటిపిల్లలు విసుగెత్తి సగంలో లేచిపోతారు. పిల్లవాడు ఒంటరిగా మిగులుతాడు.

“యీ పిచ్చిగీతలు మాని చదువుకో” అనడం సులభమే. కాని మన పాత ఆటలు కూడా ఒకనాడు ఎవరో కల్పించినవే కదా! పులిజూదమే చూడండి. తమిళులు దాన్నే ఆడుపులి ఆట్టం అంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకను దాటి చంపుతుంది. మేక పులిని చంపలేదు. పదిమందితో చేరి కదలనివ్వకుండా కట్టివేస్తుంది. ఒకరికి బలం, మరొకరికి సంఖ్య. మేకలు పదే అయితే ఏమవుతుందో పిల్లవాణ్ణి ఆడి చూడమనండి. ఆటకు తూకం ఎంత అవసరమో మనం చెప్పకుండానే తెలుస్తుంది.

అసలు చిక్కు మరొకటి వుంది. ఓడిపోయే సమయానికే వాడికి కొత్త షరతు జ్ఞాపకం వస్తుంది! దీనికి మోసగాడని దండించనూ కూడదు, పోనీలెమ్మని ఊరుకోనూ కూడదు. స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు పియాజే పిల్లల గోలీలాటను పరిశీలించి 1932లో ఒక గ్రంథం ప్రకటించాడు. చిన్నపిల్లలు ఆట నియమాలను పెద్దలు విధించిన, మార్చరాని శాసనాలుగా తలుస్తారనీ, పది పన్నెండేళ్ళ ప్రాయంలో అందరూ సమ్మతిస్తే మార్చుకోవచ్చునని గ్రహిస్తారనీ ఆయన చెప్పాడు. అందరి సమ్మతి! మన పిల్లవాడు నేర్వవలసింది సరిగా అదే.

అందుకు ఒక నోటుపుస్తకం ఇవ్వండి. షరతులన్నీ ఆటకు ముందే రాయాలి. మధ్యలో తోచినది మరుసటి ఆటకే చెల్లుతుంది. మొదటిరోజు అయిదు షరతులతోనే ఆడించండి. తక్కినవి ఒక్కొక్కటే చేర్చవచ్చు. తోటిపిల్లలకు కూడా తలా ఒక షరతు పెట్టే హక్కు వుండాలి. మీరు ఆడేటప్పుడు దిద్దబోకండి. “నాకు బోధపడలేదు, మళ్ళీ చెప్పు” అనండి, చాలు. చెప్పలేక తికమకపడిన షరతును వాడే కొట్టివేస్తాడు.

మనవంటి కుటుంబాలకు ఇందులో మరో లాభం వుంది. వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియానో మాట్లాడే పిల్లలు ఇంట్లో అమ్మమ్మకు ఆట నేర్పాలంటే తెలుగులోనే చెప్పాలి. “నీ కాయ ఇంట్లో వుంటే చంపరాదు, బయటికి వస్తే తప్ప” — యీ “అయితే”, “కాని”, “తప్ప” అన్న మాటలు వట్టి పలకరింపుల్లో అలవడవు. తర్కం చెప్పేటప్పుడే నాలుకకు పట్టుబడతాయి.

ఆ నోటుపుస్తకాన్ని పాతకాగితాల్లో వెయ్యకండి. వచ్చే సెలవులకు చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు అవశ్యం పనికివస్తుంది.