క్రాంజి యుద్ధ శ్మశానవాటిక

క్రాంజి యుద్ధ శ్మశానవాటిక సింగపూరు ద్వీపము యొక్క ఉత్తర భాగములో, నగర కేంద్రమునకు సుమారు 22 కిలోమీటర్ల దూరములో, జొహోర్ జలసంధికి అభిముఖముగా ఒక చిన్న కొండపై ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధములో మరణించిన కామన్వెల్తు దళాల వారు 4,461 మంది ఇక్కడ ఖననము చేయబడ్డారు లేదా స్మరించబడుతున్నారు. 850కి పైగా సమాధులలో ఉన్నవారు ఎవరన్నది నేటికీ తెలియదు.

సైనిక శిబిరము

బ్రిటిషు వారి పాలనలో, 1939కి పూర్వము క్రాంజి ఒక సైనిక శిబిరము. తరువాత ఇక్కడ పెద్ద మందుగుండు నిల్వ కేంద్రము ఉండేది. ఇదే ఉత్తర తీరములో సెంబవాంగ్ వద్ద బ్రిటిషు వారు భారీ వ్యయముతో నిర్మించిన నౌకాస్థావరము 1938లో ప్రారంభమైనది. అయితే 1941 డిసెంబరు 10న రెండు ప్రధాన యుద్ధనౌకలను జపాను విమానాలు ముంచివేయుటతో, ఆ స్థావరమునకు తగిన నౌకాబలము లేకుండా పోయినది.

1942 నాటి యుద్ధము

మలయాను జయించిన జపాను సేనలు 1942 ఫిబ్రవరి 8 రాత్రి జలసంధిని దాటి ద్వీపము యొక్క వాయవ్య తీరమున దిగాయి. మరునాటి రాత్రి క్రాంజి వద్ద ఆస్ట్రేలియా దళాలతో పోరు జరిగినది. ఫిబ్రవరి 15న జనరల్ పెర్సివల్ లొంగిపోయాడు. లొంగిపోయిన సైన్యములో భారతీయులు అధిక సంఖ్యలో ఉన్నారు. జపాను వారు క్రాంజిలో యుద్ధఖైదీల శిబిరమును నెలకొల్పారు. సమీపములోని వుడ్‌లాండ్స్ వద్ద ఆసుపత్రి ఏర్పడినది. మరణించిన తోటివారి కొరకు ఖైదీలు ఏర్పరచుకొన్న చిన్న శ్మశానమే నేటి వాటికకు మూలము.

శ్మశానవాటిక ఏర్పాటు

యుద్ధము ముగిసిన తరువాత, ప్రధాన ఖైదీల శిబిరమున్న చాంగీలోని పెద్ద శ్మశానము శాశ్వతముగా నిలువదని తేలినది. అందుచేత 1946లో అక్కడి సమాధులను క్రాంజికి తరలించారు. ద్వీపములోని ఇతర ప్రాంతాల నుండి, తరువాత సైగాన్ నుండి కూడా సమాధులు ఇక్కడకు చేరాయి. 1942 ఫిబ్రవరిలో జపాను వారు చంపిన 69 మంది చైనీయ సైనికులకు ఒక ఉమ్మడి సమాధి ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు సమాధులు కూడా కొన్ని ఉన్నాయి. హోదా భేదము లేకుండా సమాధిరాళ్ళన్నీ ఒకే రీతిలో ఉంటాయి.

సింగపూరు స్మారకము

వాటిక మధ్యలోని స్మారకమును 1957 మార్చి 2న అప్పటి గవర్నరు సర్ రాబర్ట్ బ్లాక్ ఆవిష్కరించాడు. దీని రూపశిల్పి కోలిన్ సెయింట్ క్లెయిర్ ఓక్స్. సమాధి కూడా లేని 24,000 మందికి పైగా సైనికుల, వైమానికుల పేర్లు దీని గోడలపై చెక్కబడినవి. వీరిలో భారత సైన్యమునకు చెందినవారు వేల సంఖ్యలో ఉన్నారు. హిందువులు, సిక్కులు దహన సంస్కారము చేయువారగుట చేత, సమాధులను మాత్రమే లెక్కించి చూస్తే ఇక్కడి భారతీయుల పాత్ర తక్కువగా కనిపించును. దహనము చేయబడిన సుమారు 800 మందికి ప్రత్యేక స్మారకము ఉన్నది. వీరిలో అత్యధికులు భారతీయులే.

యుద్ధ శ్మశానవాటికలు ప్రధానముగా సైనికుల కొరకు ఏర్పడినవి. మలయా తోటల నుండి బర్మా-సయాము రైలుమార్గ నిర్మాణమునకు తరలింపబడి మరణించిన తమిళ, తెలుగు కూలీలకు ఇటువంటి పేర్ల గోడ లేదు.

పక్కనున్న శ్మశానవాటికలు

పాసిర్ పంజాంగ్, ఉలు పాండన్‌ల నుండి తొలగించవలసి వచ్చిన సైనికుల, వారి కుటుంబీకుల సమాధుల కొరకు 1975లో క్రాంజి సైనిక శ్మశానవాటిక ఏర్పడినది. ఇందులో 1,400కు పైగా సమాధులు ఉన్నాయి. సమీపములోనే ఉన్న ప్రభుత్వ శ్మశానవాటికలో సింగపూరు మొదటి ఇద్దరు అధ్యక్షులు యూసఫ్ ఇషాక్, బెంజమిన్ షియర్స్ సమాధులు ఉన్నాయి.

సందర్శన

యుద్ధ శ్మశానవాటికను కామన్వెల్తు యుద్ధ సమాధుల సంఘము నిర్వహిస్తున్నది. ఏటా ఏప్రిల్ 25న, నవంబరు నెలలోను స్మరణ కార్యక్రమాలు జరుగుతాయి. 1996లో ప్రారంభమైన క్రాంజి మెట్రో రైలు స్టేషను దీనికి చేరువలో ఉన్నది.